ఖీమా బన్నుకు మేం పెట్టిన మారుపేరు

పోయిన ఆదివారం మధ్యాహ్నం, సంతోష్‌నగర్‌లో మేం అద్దెకుంటున్న మేడ మెట్ల మీద, ఇంటివాళ్ల మనవరాలి చేతిలో సగం కొరికిన ఖీమా బన్ను చూశాను. పక్కనే కూర్చున్న మా ఎనిమిదేళ్ల అమ్మాయి, ఆ పిల్ల గౌను మీద రాలిన ఖీమాను ఏరి మళ్లీ ఆ పిల్ల చేతిలోనే పెడుతోంది. ఏందే ఇది అని ఆ పిల్ల అడిగితే మా అమ్మాయి మటన్ అని చెప్పిందట. నేను నేర్పిన మాటే. అది మటన్ కాదు, పెద్దకూర, అంటే గొడ్డుమాంసం. కింది ఇంటివాళ్లు మేకనూ కోడినీ తింటారు గానీ పెద్దకూరను గడప దాటనివ్వరు.

ఈ మటన్ అనే మాట నాతో మొదలైంది కాదు. మా నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఆదివారం చర్చి నుంచి రాగానే సైకిల్ మీద కసాయి భాయ్ దగ్గరికి వెళ్లేవారు. ఆయన తెచ్చే సంచిలో ఖీమా పొట్లం అడుగున, మెంతికూర కట్టలు పైన ఉండేవి. మెంతికూర వంటకే గానీ, అది పైన ఉండేది మాత్రం వాకిట్లో ఎదురుపడేవాళ్ల కోసం. అమ్మ ముందు వీధివైపు కిటికీ మూసి, ఆ తర్వాతే మూకుడు పొయ్యి మీద పెట్టేది. నీళ్లు పోయకుండా, ఖీమాను దాని చెమ్మలోనే మగ్గించి, ముద్దకట్టనివ్వకుండా గరిటె అంచుతో చిదుముతూ, ఉల్లిపాయా టమాటా పచ్చిమిర్చీ వేసి పొడిపొడిగా అయ్యేదాకా వేయించేది. అఫ్జల్‌గంజ్ బేకరీ బన్నులను మధ్యకు చీల్చి, ఆ మూకుట్లోని నూనెలోనే అద్ది కాల్చి, లోపల ఖీమా కూరి మా చేతికిచ్చేది. కొరికితే సగం నోట్లోకి, సగం ఒళ్లోకి. ఒళ్లో పడ్డదాని కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం.

మిగిలిన బన్ను సోమవారం బడికి వచ్చేది. ఎవరైనా అడిగితే మటన్ అనాలి, కానీ ఎవరికీ పెట్టకూడదు. అమ్మ నియమం ఇదీ. ఏడో తరగతిలో ఉండగా, రోజూ నాకు తన పులిహోర పెట్టే స్నేహితురాలు ఒకసారి నా డబ్బాలోకి చెయ్యి చాపింది. చీమలు పట్టాయని చెప్పి డబ్బా లాక్కున్నాను. "చీమలు పట్టినయా? మరి నువ్వెట్ల తింటున్నవే, పీనాసిదానా!" అని అందరి ముందూ నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడూ నా పక్కన కూర్చుని తినలేదు. ఇంటికొచ్చి చెబితే అమ్మ నా తల నిమిరి, మంచి పని చేశావంది. ఇన్నేళ్లయినా ఆ మెప్పు నాకు మింగుడుపడలేదు.

అందుకేనేమో, నా పిల్లలకు ఆ నియమంలో మొదటి సగమే నేర్పాను. మటన్ అనమన్నాను. ఉన్నది నలుగురితో పంచుకుని తినమనీ చెప్పాను. మా అమ్మాయి రెండు మాటలూ విన్నది. తప్పు ఎవరిదో వేరే చెప్పాలా?

డ్యూటీలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేస్తే, "ఆ పోరికి ఏమెర్క? నువ్వు సప్పుడుజెయ్యకు" అన్నారు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. ఇల్లు ఖాళీ చేయమంటే ఇద్దరు పిల్లలతో ఎక్కడికి పోవాలి? ఆ పిల్లకు రాత్రి కడుపునొచ్చి, ఏం తిన్నావని ఎవరైనా అడిగితే? ఇక నిలవలేక కిందికి దిగాను. వాళ్లకు గుడిమల్కాపూర్‌లో పూల దుకాణం ఉంది. ఇంటావిడను నేను పెద్దమ్మా అంటాను, ఆమె భర్తను పెదబాపు అంటాను. ఆమె మల్లెలు కడుతూనే అంతా విన్నది, చివర్లో దారం వదిలేసింది.

"నీ ఇంట్ల ఏం ఉడుకుతదో నాకెర్కలేదా? ముక్కు లేదా నాకు? ఏడేండ్ల సంది ఎర్కనే. నీ ఇల్లు, నీ తిండి. గని పసిపోరితోని అబద్ధమాడిపిచ్చి నా మనవరాలికి తినిపిస్తివి సూడు, గది మంచిగలేదు బిడ్డా. మీ పెదబాపు చెవుల పడనియ్యకు, మస్తు లొల్లి జేస్తడు."

పొమ్మనలేదు. ఎప్పటిలా కూర్చోమనీ అనలేదు.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, కింద గేటు చప్పుడైనా చెవి అటే పోతోంది. అమ్మ కాలంలో కిటికీ మూసింది మొహమాటంతో. ఇరుగుపొరుగుకు తెలుసు, తెలియనట్టు ఉండేవారు. ఆ ఉండటంలో ఒక మర్యాద ఉండేది. ఇప్పుడు నేను మూస్తున్నది భయంతో. ఎవరి చేతిలో ఫోన్ ఉందో, ఎవరు ఏ వీడియో తీసి ఎవరికి పంపుతారో తెలియదు. అదే కిటికీ, అదే ఖీమా, కానీ ఆ నిశ్చింత ఎక్కడ పోయిందో.

ఆ ఆదివారం గడిచిన మర్నాడు పొద్దున జడ వేస్తూ అమ్మాయికీ, బూట్లు తొడుక్కుంటున్న పదకొండేళ్ల అబ్బాయికీ చెప్పాను. ఇకనుంచి అడిగినవాళ్లకు పెద్దకూర అనే చెప్పండి, చెప్పాకే చెయ్యి చాపనివ్వండి, వద్దంటే కోపం తెచ్చుకోకుండా మీరే తినండి అన్నాను. అమ్మాయి తలూపింది.

"మరి ఎవరన్నా కొడ్తే?" అన్నాడు అబ్బాయి.

జడ కొసకు రిబ్బను బిగించి అన్నాను.

"మా అమ్మ వండిందని చెప్పు బిడ్డా. అడిగేటోళ్లను నా దగ్గరికి రమ్మను."