బద్రియా టీచరమ్మ ఎత్తని చెయ్యి

ఊరి మతపెద్ద షేక్ అబ్దుజ్జహ్రా గారి మనిషి గుమ్మంలోకి వచ్చేసరికి బద్రియా పెరట్లో మట్టిపొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది. ఆమె భర్త హాతిం అమారా నుంచి బస్రాకు మినీబస్సు తోలతాడు. ఆ రోజు బస్సు రిపేరులో ఉండబట్టి ఇంటిపట్టునే ఉన్నాడు. వచ్చిన మాట విని పెరట్లోకి వచ్చి, నవ్వాపుకుంటూ నిలబడ్డాడు.

"ముహన్నద్ వాళ్ళమ్మా, నిన్ను పార్లమెంటుకి పంపుతారట."

"రొట్టె మాడిపోతుంది, పక్కకి జరుగు."

"నిజంగానే అంటున్నాను. ఎన్నికల లిస్టులో ప్రతి మూడో పేరూ ఆడవాళ్ళదే ఉండాలట. షేక్ గారికి పేర్లు చాలలేదు. నువ్వు గుర్తొచ్చావు."

పాత ప్రభుత్వం కూలి, విదేశీ సైన్యాలు వచ్చి, యుద్ధం అయిపోయిందని అందరూ చెప్పుకున్నాక జరుగుతున్న తొలి ఎన్నికలవి. బద్రియా ఆడపిల్లల బడిలో అరబ్బీ వ్యాకరణం చెప్పే టీచరు. తండ్రి పాత ప్రభుత్వం జైల్లోనే పోయాడు. మొగుడి తెగలో ఓట్లు బోలెడు. షేక్ గారికి ఇంతకంటే మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది? గోడల మీద పోస్టర్లు పడ్డాయి. వాటిలో బద్రియా ఫోటో ఉండాల్సిన చోట హాతిం ఫోటో వేశారు, ఆడమనిషి ముఖం గోడకి అంటించడం మర్యాద కాదని. నెల రోజులపాటు బస్టాండులో డ్రైవర్లంతా హాతింని "మేడం గారూ" అని పిలిచారు.

గెలుస్తుందని ఎవరూ అనుకోలేదు. కానీ గెలిచింది.

బాగ్దాద్‌లో ఎత్తయిన కాంక్రీటు గోడల మధ్య ఆ సభ. బద్రియా ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా చుట్టుకుని తమ పక్షం వాళ్ళ వెనక వరసలో కూర్చునేది. ముందు వరసలో తలపాగాలవాళ్ళు, నడి వరసల్లో సూట్లవాళ్ళు. చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తడం, దించమన్నప్పుడు దించడం. ఇంతకంటే ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. గురువారం మధ్యాహ్నానికల్లా ఊరికి బయల్దేరేది.

ఊళ్ళో మాత్రం ఆమెకి మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. ఆమె బడిలో తుపాకులవాళ్ళు మకాం పెట్టారు. పరాయివాళ్ళైతే తిట్టుకునైనా ఊరుకునేది. వాళ్ళు తమ పక్షం కుర్రాళ్ళే, షేక్ గారి మనుషులే. యుద్ధం ముగిసిన వారంలో, దొంగల నుంచి బజారు కాపాడతామని వచ్చి, ఆ చల్లటి గదుల్లో అలాగే ఉండిపోయారు. ఆడపిల్లలేమో మిట్టమధ్యాహ్నం ఎండలో, మగపిల్లల బడి ఖాళీ అయ్యాక అక్కడికి పోవాలి. సగంమంది మానేశారు. పెద్దపిల్లలు ముగ్గురికి పెళ్ళిళ్ళు కూడా చేసేశారు.

ఆ కుర్రాళ్ళ నాయకుడు జాసిబ్. అదే బద్రియాకి మరీ కష్టంగా ఉండేది. ఇరాన్‌తో యుద్ధం జరిగే రోజుల్లో పక్కింటి జకియాకి విషజ్వరం వచ్చి పాలు ఎండిపోతే, ఆమె పసివాణ్ణి బద్రియా తన ముహన్నద్‌తో పాటు రెండో రొమ్ముకి పట్టుకుని పెంచింది. ఆ పసివాడే జాసిబ్. వాళ్ళ ఆచారంలో పాలు తాగినవాడు కొడుకే. ఆమె ముందు తలెత్తి మాట్లాడకూడదు. అలాంటి వాడు తుపాకీ భుజాన వేసుకుని వీధిలో ఎదురైతే, బద్రియా సలాం చెప్పి గబగబా నడిచిపోయేది.

కొత్త మంత్రివర్గానికి మద్దతు తెలిపే రోజు దగ్గరపడింది. లెక్క పీకలమీదికి వచ్చింది. ఒక్క చెయ్యి అటూ ఇటూ అయినా తమ పక్షానికి దక్కే మంత్రి పదవులు దక్కవు. షేక్ అబ్దుజ్జహ్రా గారే అమారా నుంచి బాగ్దాద్‌కి స్వయంగా దిగారు. సభ్యులందరినీ కూర్చోబెట్టి, నిమ్మపండు టీ పోయించి అడిగారు.

"శనివారం అందరిదీ ఒకే మాట. సరేనన్నవాళ్ళు చెయ్యెత్తండి."

చేతులన్నీ లేచాయి, వెనక వరసలో ఒక్కటి తప్ప.

"ఏమ్మా, చెయ్యి నొప్పిగా ఉందా?" అన్నారు షేక్ గారు.

"నొప్పేం లేదు షేక్ గారూ. మా బడి ఖాళీ అయితే అదే లేస్తుంది."

నడి వరసలో ఒక సూటాయన వెనక్కి తిరిగాడు. "దేశం సంగతి మాట్లాడుతుంటే బడి గోలేంటి? అసలీవిణ్ణి లిస్టులో ఎక్కించిందెవరు?"

"నేనే నాయనా, నేనే," అన్నారు షేక్ గారు గడ్డం నిమురుకుంటూ. అందరినీ బయటికి పంపి, ఆమెకి దూరంగా ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"చూడమ్మా, నిజం చెప్తాను. నేను చెప్తే జాసిబ్ ఖాళీ చేస్తాడని అనుకుంటున్నావు. ఒకప్పుడైతే చేసేవాడే. ఇప్పుడు నా వెనక నమాజు చేస్తాడు, నా చెయ్యి ముద్దుపెట్టుకుంటాడు, తర్వాత తనకి తోచింది చేస్తాడు."

"అయితే మీరు నాతో రండి. మీరు పక్కనుంటే నేనే అడుగుతాను."

"ముందు ఓటు పడనీ."

"ముందు బడి, షేక్ గారూ. ఓటు పడ్డాక నా మొహం ఎవరు చూస్తారు?"

షేక్ గారు ఆమెకేసి చూసి నవ్వి, ఊరికి పోవడానికి కారు తెప్పించమన్నారు.

ఊళ్ళో బడి గేటు ముందు ఇసుక మూటలు, వాటి వెనక గొలుసు. లోపల ముంగిట్లో బెంచీ చెక్కలు విరిచి టీ కాచుకున్న బూడిద. షేక్ గారిని చూసి కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. జాసిబ్ వచ్చి ఆయన చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. విషయం విన్నాక మాత్రం బిగుసుకున్నాడు.

"నజఫ్‌లోని మతపెద్దల నుంచి ఉత్తర్వు రానివ్వండి షేక్ గారూ. ఇది యాభైమంది ఉండే చోటు. వాళ్ళని వీధిలో పడుకోమంటారా?"

షేక్ గారు బద్రియా వైపు చూశారు. ఆమె ఒక అడుగు ముందుకి వేసింది.

"ఒరేయ్ జాసిబ్, ఇట్రా."

ఎంతోకాలంగా అతన్ని ఎవరూ "ఒరేయ్" అనలేదు. కుర్రాళ్ళలో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు.

"నేను నీకేమవుతాను?"

"అమ్మవి," అన్నాడు నేల చూస్తూ. మళ్ళీ తలెత్తి, "ఇన్నేళ్ళ తర్వాత గుర్తొచ్చిందా? రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. ఒక్కసారైనా వచ్చి ఖాళీ చెయ్యరా అన్నావా? బాగ్దాద్ పోయి పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చావు, పరాయివాళ్ళ దగ్గరికి వచ్చినట్టు!" అన్నాడు.

"భయమేసింది," అంది బద్రియా.

"ఎవరంటే?"

"నువ్వంటే."

జాసిబ్ భుజం మీది తుపాకీని తీసి పక్కవాడి చేతికిచ్చాడు, అది ఇప్పుడే బరువెక్కినట్టు.

"నేనంటే నీకు భయమా అమ్మా?" అన్నాడు మెల్లిగా.

ఆమె ఒప్పుకుంది. వీధి మొత్తం అతనికి భయపడుతోందని, అది గౌరవం అనుకుంటున్నాడేమో, కాదని కూడా చెప్పింది. షేక్ గారు గేటు దగ్గర తస్‌బీహు పూసల దండ తిప్పుకుంటూ ఆకాశం చూస్తున్నారు. ఆ తర్వాత మాటలు తేలిగ్గానే సాగాయి. ఏటి ఒడ్డున మూతపడిన ఐసు ఫ్యాక్టరీ ఖాళీగా ఉంది, తాళం షేక్ గారి బంధువుల దగ్గరే ఉంది. మర్నాడే పరుపులు, పొయ్యిలు, పెట్టెలు అన్నీ అక్కడికి కదిలాయి. పోతూ పోతూ జాసిబ్ కుర్రాళ్ళ చేత గదులు కడిగించాడు. కాల్చిన బెంచీలకి బదులు పాతవి ఎక్కణ్ణుంచో లారీలో తెచ్చి పడేశాడు. ఎక్కడివని బద్రియా అడగలేదు.

శనివారం సభలో ఆమె చెయ్యి అందరికంటే ముందు లేచింది. మంత్రివర్గం నిలబడింది. ఆ మంత్రులు ఏం వెలగబెట్టారన్నది వేరే సంగతి. ఊళ్ళో మాత్రం ఆడపిల్లలు పొద్దున్నపూట బడికి పోయారు. పెళ్ళయిన ముగ్గురిలో ఒకతె, చంకలో బిడ్డతోనే వచ్చి పదో తరగతి పరీక్ష రాసింది.

తర్వాతి ఎన్నికల్లో బద్రియా పేరు లేదు. షేక్ గారు దాచిపెట్టకుండానే చెప్పారు: "నీ చెయ్యికి మా వాళ్ళు భయపడుతున్నారమ్మా." ఆమె పడీపడీ నవ్వింది. అబాయా దులుపుకుని తన పాత తరగతికి వెళ్ళిపోయింది. రాత్రిళ్ళు బాగ్దాద్‌లో పట్టని నిద్ర ఇంట్లో హాయిగా పట్టింది. హాతిం గురకతో సహా.

ఆ లిస్టులో కొత్తగా ఎక్కిన పేరు జాసిబ్‌ది. తుపాకీ బీరువాలో పెట్టి, సూటు కుట్టించుకున్నాడు. ఒక శుక్రవారం రెండు పెద్ద ఏటి చేపలు పట్టుకుని వచ్చాడు. హాతిం నిప్పుల మీద వాటిని కాలుస్తుంటే, జాసిబ్ జేబులోంచి ప్రసంగం కాగితం తీసి బెరుగ్గా ఇచ్చాడు. బద్రియా కళ్ళజోడు పెట్టుకుని రెండు వాక్యాలు చదివింది.

"ఇదేంట్రా, కర్తని కర్మ చేసి పెట్టావు? ఇలా చదివితే శత్రువుని నువ్వు కాదు, శత్రువే నిన్ను కొట్టాడనుకుంటారు జనం."

"అందుకేగా వచ్చింది," అన్నాడు జాసిబ్.

"ముందు చేతులు కడుక్కుని తిను. తర్వాత మొదటినుంచీ రాద్దాం," అంది, ముల్లు తీసిన చేప ముక్కని అతని రొట్టె మీద పెడుతూ.