మేకపిల్లకు ఖాలమ్మ గొంతు

జహీరాబాద్‌లో మా పక్కింటావిడను వీధి పిల్లలందరం ఖాలమ్మ అని పిలిచేవాళ్లం. ఎనభైలలో మా వీధి మొత్తానికి టీవీ వాళ్లింట్లోనే ఉండేది. ఆదివారం పొద్దున చిన్నపిల్లల బొమ్మలాట హిందీలో వచ్చేది. మాకు హిందీ రాదు. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు కనుక ఖాలమ్మకు అంతా అర్థమయ్యేది. ఆమె టీవీ పక్కన మా వైపు తిరిగి కూర్చుని, బొమ్మల మాటలన్నీ తెలుగులో చెప్పేది. ముసలి బొమ్మకు వణికే గొంతు, మేకపిల్ల బొమ్మకు సన్నని గొంతు. తెర వైపు మాత్రం చూసేది కాదు. చెవులు అటు పెట్టి, కళ్లతో మమ్మల్నే చూసేది.

మా చెల్లెకు నాలుగేళ్లు నిండినా మాట రాలేదు. అన్నీ వింటుంది, నవ్వుతుంది, అంతే. అమ్మ తిప్పని దవాఖాన లేదు.

"ఫికర్ చెయ్యకమ్మా, ఆదివారం పిల్లను గిటు తోలియ్యి" అనేది ఖాలమ్మ.

ప్రతివారం మేకపిల్ల మా చెల్లెను ఏదో ఒకటి అడిగేది. చెల్లె నవ్వేది. జవాబు కోసం కాసేపు ఆగి, ఖాలమ్మ మళ్లీ ఆటలో పడిపోయేది.

ఒక ఆదివారం మేకపిల్ల అడిగింది. "బిడ్డా, రొట్టె తిన్నవా?"

"తినలే" అంది చెల్లె.

గుమ్మంలో ఉన్న అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేం అరవబోతుంటే ఖాలమ్మ చేయెత్తి ఆపింది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మేకపిల్ల గొంతు మాత్రం మారలేదు.

"నాకు గూడ ఆకలైతుంది. ఏం తిందం?"

"జొన్నరొట్టె."

తెర మీద బొమ్మలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఖాలమ్మ టీవీ కట్టేసి, వంటింట్లోకి పోయి పొయ్యి ముట్టించింది.