మహాదేవమ్మ బెదురు కోళ్లు

మహాదేవమ్మ పుట్టిల్లు బీదర్ వైపు. పెళ్లై ఝరాసంగం దగ్గరి పల్లెకు వచ్చి ముప్పై ఏళ్లయినా కోళ్లను మాత్రం కన్నడంలోనే పిలుస్తుంది. అవి కడక్‌నాథ్ కోళ్లు. ఈక, చర్మం, మాంసం, అన్నీ నలుపే. నాలుగేళ్ల కింద ఆమె తమ్ముడు పాతిక పిల్లలు తెచ్చిచ్చాడు. నాటుకోళ్లలా కాళ్లకు అడ్డం తిరిగే రకం కాదు. ఆకు రాలినా ఉలిక్కిపడి గోడెక్కుతాయి.

మొదటి ఏడాది వీధిలో పెళ్లి బారాత్ పోతుంటే, పటాకుల చప్పుడుకు అన్నీ గూటిలో ఒకే మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. కింద పడ్డ తొమ్మిది ఊపిరాడక చచ్చాయి. అప్పటినుంచి చప్పుడంటే మహాదేవమ్మకే గుండె దడ. గూటి మూలల్లో జొన్నచొప్ప కట్టలు నిలబెట్టి మూలలు లేకుండా చేసింది. దొడ్లోకి అడుగుపెట్టే ముందు దగ్గుతుంది. రంగు మారినా బెదురుతాయని గింజలు వేసేటప్పుడు ఎప్పుడూ అదే ఆకుపచ్చ చీర.

మిగిలిన పదహారూ పోయిన శ్రావణానికి పిల్లలతో కలిపి ముప్పై ఏడయ్యాయి. అప్పుడే మొగుడంపల్లి వైపు కొక్కెర తెగులు మొదలైందని తెలిసింది. అది వస్తే కోళ్లు మెడ వంకర తిరిగి రెండు మూడు రోజుల్లో పోతాయి. టీకాలు వేసే బాలమణి బుధవారం వస్తానని, పొద్దున్నే కోళ్లను వదలొద్దని ఫోన్ చేసింది.

మంగళవారం మధ్యాహ్నం వాన పట్టింది. కొడుకు నాగరాజ్ గూడు తడవకుండా కొత్త నీలం టార్పాలిన్ పట్టా కప్పాడు. మంచే చేశాననుకున్నాడు. గాలికి అది టపటపా కొట్టుకుంటుంటే పదకొండు కోళ్లు గూటి దగ్గరికే రాలేదు. వేపచెట్టెక్కి కూర్చున్నాయి.

బుధవారం తొమ్మిదింటికి బాలమణి ఐసు డబ్బాతో వచ్చేసరికి మహాదేవమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఇరవయ్యారు గూట్లెనే ఉన్నయి. పదకొండు చెట్టుమీదున్నయి బాలమణీ.”

“మందు కలిపితె రెండు గంటలల్ల అయిపోగొట్టాలె అక్కా. ఇంకా నాలుగిండ్లున్నయి నాకు. పన్నెండు దాక సూస్త.”

నాగరాజ్ పొడుగాటి కట్టె పట్టుకొచ్చాడు. “అవ్వా, అదిలిస్త. అవే దిగుతయి.”

“వద్దు! అదిలిస్తె మూడు దినాలు రావు. ముందుగాల ఆ పట్టా తీయ్. మెల్లగ తీయ్ బిడ్డా, చప్పుడు రానియ్యకు.”

పట్టా తీసి ఇంటి వెనక దాచారు. మహాదేవమ్మ గూటి వాకిట్లో జొన్నలు చల్లి కూర్చుంది. “బా... బా...” అని కన్నడంలో రమ్మని పిలిస్తే గొంతు వణికింది. తన భయం వాటికి తెలిసిపోతుందేమోనని ఆగి, నీళ్లు తాగి, మళ్లీ పిలిచింది. పదిన్నరకు నాలుగు దిగాయి. అంతలో రోడ్డుమీద బండి పోయింది. నాలుగూ తిరిగి కొమ్మెక్కాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ కూర్చున్న చోటినుంచి కదల్లేదు.

పావు తక్కువ పన్నెండుకు పది కోళ్లు లోపలికి వచ్చాయి. ఒక్క పుంజు మాత్రం దిగలేదు.

“ఇగ చాలక్కా,” అని బాలమణి మందు కలిపింది.

మహాదేవమ్మ గూటి చుట్టూ గోనెసంచులు వేలాడదీసి లోపల చీకటి చేసింది. చీకట్లో ఈ కోళ్లు మెత్తబడతాయి. ఒక్కొక్కదాన్ని రెక్కలు ముడిచి గుండెకు ఆనించి పట్టుకుంటుంటే బాలమణి సూది వేసింది. పంతొమ్మిదో కోడి ఆమె చేతుల్లో ఒక్కసారిగా తల వాల్చేసింది.

“సచ్చిందా?”

“సూది ఇంక ఎయ్యనే లేదక్కా!”

మహాదేవమ్మ దాన్ని గంప కింద ఉంచి, మిగతావి పట్టింది. అన్నీ అయ్యాక గంప ఎత్తడానికి ధైర్యం చాల్లేదు. బాలమణే ఎత్తింది. బెదురుకు సొమ్మసిల్లిన కోడి కూర్చుని కళ్లార్పుతోంది. దానికి చివర్న సూది పడింది.

“మందు పట్టేదాక పదిహేను రోజులు పైలం. పక్కిండ్ల కోళ్లల్ల కలువనియ్యకు,” అని చెప్పి బాలమణి వెళ్లిపోయింది.

ఆ పదిహేను రోజులూ మహాదేవమ్మకు అన్నం సయించలేదు. తెగులు లోపలికి రాకుండా గేటు దగ్గర సున్నం చల్లింది. పొద్దున్నే రెట్టలు చూసేది. పన్నెండో రోజు పక్కింటి మనోరమ నాటుకోళ్లు చావడం మొదలైంది. నాటువాటికి టీకా ఎందుకని ఆమె వేయించలేదు. పద్నాలుగో రోజు, సూది పడని చెట్టుమీది పుంజు చచ్చింది. మర్నాడు రెండు పెట్టలు మేత మానేశాయి. ఒకటి కోలుకుంది, ఒకటి చచ్చింది. మిగిలిన ముప్పై అయిదూ నిలబడ్డాయి. అయినా ఆమె ఇంకో నెలదాకా ఎవరితోనూ గట్టెక్కామని అనలేదు.

దీపావళి దాటాక మనోరమ వచ్చింది. “వదినా, నాకు ఒక్క పెట్టే మిగిలింది. అది పొదుగుతది. పది గుడ్లియ్యరాదు?”

 మహాదేవమ్మ పన్నెండు ఇచ్చింది. ఎనిమిది పిల్లలయ్యాయి. ఇప్పుడు మహాదేవమ్మ రోజుకు నాలుగుసార్లు గోడమీంచి తొంగిచూస్తుంది.

“మనోరమా, ఆ కుక్కర్ జర లోపట పెట్టుకోరాదు! సీటీకి పిల్లలు బెదురుతున్నయి.”