మీసం కనిపించే గోడ

సముద్రపొడ్డున మా అన్ఫూషీ పేటలో రంగుల మేస్త్రీ ఉస్తా బషందీ వేసిన, అద్దంలా మెరిసే లాకే గోడలు ఒకప్పుడు నలభై ఉండేవట. నాకు ఊహ తెలిసేసరికి పది మిగిలాయి. పోయినేడాది వసంతానికి ఒక్కటే మిగిలింది. అది మా ఇంటి ముందుగదిలోది. దాని జోలికి మొదట పోయింది నేనే, కాబట్టి ఈ సంగతి చెప్పాల్సిందీ నేనే.

లాకే అంటే డబ్బా మూత తీసి రోలరు తిప్పే పని కాదు. జింకు పొడిలో అవిసె నూనె పోసి లప్పం కలుపుకోవాలి. గోడంతా పట్టించి, ఆరాక నీళ్లు చల్లుతూ గరుకు కాగితంతో రుద్దాలి. మళ్లీ పట్టించాలి, మళ్లీ రుద్దాలి. వేళ్ల చర్మం అరిగిపోయాక గానీ రంగు మొదలవదు. ఆఖరి పూత రోజున బషందీ కిటికీలన్నీ మూయించి, దుమ్ము లేవకుండా నేలంతా నీళ్లు పోసేవాడు. బట్ట నూలుపోగు తడి రంగుకి అంటుకుంటుందని ఒంటిమీద లాగు తప్ప ఏదీ ఉంచుకునేవాడు కాదు. మా ఇంట్లో ఆ పని జరిగింది అమ్మానాన్నల పెళ్లికి ముందు నెలలో. ఎవరూ తలుపు తియ్యకుండా నానమ్మ మెట్ల మీద కుర్చీ వేసుకుని కాపలా కూర్చుందట. "లోపల లాగుతో మగాడు, బయట కాపలాగా విధవ. పేటంతా ఏమనుకుందో నాకు తెలీదనుకున్నావా" అని చెప్పి చెప్పి నవ్వేది.

బషందీ దక్షిణాన ఎక్కడో అస్యూత్ వైపు నుంచి పదమూడేళ్లకే సముద్రం చూడ్డానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఒక ముసలి గ్రీకు మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ గ్రీకాయన ఓడెక్కి వాళ్ల దేశం పోతూ ఇచ్చిన కొమ్ము దువ్వెన ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంటుంది. ఆ దువ్వెనతోనే ఆయన పని అప్పగించేవాడు. ఆ రోజు స్నానం చేసి, ఉతికిన గల్లాబియా అంగీ తొడుక్కుని వచ్చి, ఇంటివాళ్లందరి ముందూ గోడలో చూసుకుంటూ మీసం దువ్వుకునేవాడు. కొసలు రెండూ సమంగా వచ్చాయా అని ఎవర్నీ అడిగేవాడు కాదు. దువ్వడం అయ్యాక ఇటు తిరిగేవాడు. మీసం వంకరగా ఉంటే గోడ మళ్లీ చెయ్యాలి, అదీ ఒప్పందం. ఎవరింట్లోనూ మళ్లీ చెయ్యాల్సి రాలేదు. పెళ్లిరోజు పొద్దున మా నాన్న ఆ గోడ ముందే నిలబడి గడ్డం గీసుకున్నాడు. ఇంట్లో అద్దం లేక కాదు.

చిన్నప్పుడు నాకు ఆ పిస్తా రంగు గోడ ఇంకో కిటికీ. ఎదురు కిటికీలో రేవుకి వచ్చే పడవ, గోడలో రేవు వదిలి వెళ్లిపోయేది. జ్వరం వస్తే ఆ గది సోఫా మీదే పడుకోబెట్టమనేవాణ్ని. అమ్మ వంటింట్లోంచి వస్తుంటే ముందు గోడలో వచ్చేది, ఆ తర్వాత నా దగ్గరికి. ఉప్పుగాలికి పేటలో ప్రతి గోడా పొక్కులు తేలేది. మాది తేలలేదు.

మా అక్క రీహామ్‌కి సంబంధం కుదిరింది. నిశ్చితార్థం మా ఇంట్లోనే అనుకున్నారు. అక్క ఒకటే మాట పట్టుకుంది. ఆ గోడ మెరవకూడదు. ఈ కాలంలో అందరి ఇళ్లలోనూ రంగు మెత్తగా, మెరవకుండా ఉంటోంది, మనది మాత్రం ఆసుపత్రి వరండాలా ఉంది అంది. నేను అప్పటికి కామర్స్ కాలేజీ రెండో ఏట మానేసి ఎనిమిది నెలలు. ఇంట్లో అందరూ నన్ను చూసినప్పుడల్లా నిట్టూర్చడం అలవాటు చేసుకున్నారు. దీనికి మేస్త్రీ ఎందుకు, నేను వేస్తానన్నాను. మెరవని ప్లాస్టిక్ పెయింటు, దంతం రంగుది, రెండు డబ్బాలు తెచ్చి ఒక్క పూటలో గోడంతా తిప్పేశాను. బ్రహ్మాండంగా ఆరింది. అమ్మ నా నుదుటి మీద ముద్దు కూడా పెట్టింది.

నాలుగో రోజు అక్క తోరణం ఎక్కడ కట్టాలో చూద్దామని గోడకి టేపు అంటించింది. సరిగా లేదని లాగింది. టేపుతో పాటు దుప్పటంత రంగు ఊడి వచ్చింది, ఉడికిన బంగాళాదుంప తొక్కలా. వెనక పిస్తా రంగు తళతళలాడుతోంది. అక్క టేపు ముక్క నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. "ఇదీ సగంలోనే" అని అమ్మ మాత్రం అంది.

నిశ్చితార్థానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అమ్మ బషందీకి కబురు పెట్టింది. ఆయన పని మానేసి ఆరేళ్లయింది. చేపల బజారు పక్క కాఫీ కొట్టులో పొద్దుటి నుంచీ డొమినో ఆడుతూ ఉంటాడు. అయినా వచ్చాడు. గోడ ముందు నిలబడి, ఇంకా ఊడని నా రంగుని గోటితో గీరి, పాయగా లాగాడు.

"ఏం డాక్టరు బాబూ, గాజు మీద పాలు పూశావా?"

ఆరిందనుకున్నానన్నాను.

"ఆరడం వేరు, అంటుకోవడం వేరు. నున్నటి దాని మీద ఏదీ నిలబడదు. నువ్వు వేసింది నువ్వే గీకు."

గీకాను. అరపూట పట్టింది. సోడా కలిపిన వేడినీళ్లతో పాతికేళ్ల చేపల వేపుడు జిడ్డంతా కడిగించాడు. మధ్యాహ్నానికి గోడ పూర్తిగా బయటపడింది. నేను పుట్టకముందు ఎలా ఉండేదో అలా. బల్ల మీది టీ గ్లాసులు అందులో వరసగా నిలబడ్డాయి. అమ్మ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. బషందీ వెనక్కి నాలుగడుగులు వేసి చూసి, మళ్లీ దగ్గరికొచ్చి అరచేయి గోడకి ఆనించి, చాలాసేపు తియ్యలేదు.

ఇది మా ఇంటి గోడ అన్న మాటే గానీ, మిగిలిన ముప్పై తొమ్మిదింటి లెక్కంతా దీని మీదే ఉందని నాకు అప్పుడు తోచింది. ఆయన పోయాక ఫలానా బషందీ ఇలా పని చేసేవాడని చూపించడానికి ఈ పేటలో ఇంకోటి లేదు. దీన్ని మెరవకుండా చెయ్యాలంటే ముందు దీని మెరుపు చంపాలి. అది ఆయన చేత్తోనే.

అమ్మకీ అదే తోచినట్టుంది. "ఉస్తా, ఇలాగే వదిలేద్దామా? పిల్లకి నేను నచ్చచెబుతాను" అంది.

ఆయన జవాబు చెప్పేలోపు అక్క లోపల్నుంచి ఒక ఫోటో తెచ్చింది. తన ఆరో పుట్టినరోజుది. నాన్న ఒళ్లో అక్క, వెనక ఈ గోడ. ఫ్లాష్ వెలుగు గోడకి కొట్టుకుని వెనక్కి వచ్చి, నాన్న ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా తెల్లగా తినేసింది.

"పోయిన నాన్నతో నాకున్న ఫోటో ఇదొక్కటే ఉస్తా. ఈ గదిలో తీసిన ప్రతి ఫోటోలో ఎవరో ఒకరి ముఖం ఇలాగే పోయింది. నా నిశ్చితార్థానికి అమ్మ ముఖం పోకూడదు."

ఆయన ఫోటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. నాన్న ఎక్కడున్నాడో వెతుకుతున్నట్టు వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. ఫోటో అక్కకి తిరిగిచ్చి, నా వైపు చెయ్యి చాపాడు.

"గరుకు కాగితం ఇలా ఇవ్వు."

నేను కాగితం ఇవ్వలేదు. రంగుల కొట్టువాడు చెప్పిన సంగతి చెప్పాను. ఇప్పుడో కొత్తరకం ప్రైమరు వస్తోంది, రుద్దక్కర్లేకుండానే నున్నటి దాని మీద పట్టుకుంటుందట. పైన ఎలాంటి రంగైనా వేసుకోవచ్చు. కింద ఆయన లాకే ఆయన వదిలినట్టే ఉంటుంది. ఎప్పటికైనా ఎవరైనా గీకితే బయటపడుతుంది. ఇదంతా ఆయన మీద జాలితోనే అన్నాను, ఒప్పుకుంటాను.

"ఏ ఊళ్లో పట్టుకుంటుంది?" అన్నాడు. "ఈ గాలి తెలుసా నీకు? రెండు చలికాలాలు ఆగు. నీ అక్క పిల్లాడు గోడ మీద చెయ్యేస్తే చేతిలోకి వస్తుంది. అప్పుడు పేటంతా ఏమంటుంది? బషందీ తన పని దాచుకోవడానికి వీళ్ల పని పాడు చేశాడంటుంది."

పింగాణీ సామాన్ల బీరువా వెనక జానెడు ముక్కైనా ఉంచుకోమంది అమ్మ. అంచు దగ్గరే తేమ మొదలవుతుందని దానికీ ఒప్పుకోలేదు.

మొదటి రుద్దు ఆయనే రుద్దాడు, సరిగ్గా కళ్ల ఎత్తులో. చెయ్యి గుండ్రంగా తిరిగింది. ఆయన ముఖం ఉన్న చోట బూడిద రంగు మచ్చ పడింది. ఆ తర్వాత రెండు రోజులు ఇద్దరం రుద్దాం. పడవలు పోయాయి, కిటికీ పోయింది, టీ గ్లాసులు పోయాయి. మెరుపు ఎక్కడైనా మిగిలిందేమోనని ఆయన దీపం పక్కనుంచి పట్టించి, మూలలు నాచేత మళ్లీ రుద్దించాడు. రొట్టెలోకి ఫూల్ గింజల కూర తినేటప్పుడు గ్రీకాయన సంగతులు చెప్పేవాడు. మొదటి ఏడాదంతా ఆయన బషందీ చేతికి కుంచె ఇవ్వలేదట. నేనైతే మూడోరోజే పారిపోయేవాణ్నన్నాను. "నువ్వు పారిపోతావని నీ చెప్పులు చూస్తేనే తెలుస్తుంది" అన్నాడు.

దుమ్ము తుడిచాం. ప్రైమరు వేశాం. సొట్టలకి లప్పం పెట్టి, మెత్తటి కాగితంతో సరిచేశాం. దంతం రంగు రెండు పూతలు వేశాం. ఆఖరి పూతకి ఆయన చొక్కా విప్పలేదు. ఈ రంగు మీద నూలుపోగు పడినా ఎవరికీ కనబడదన్నాడు. మర్నాడు టేపు అంటించి లాగాడు. టేపు ఒక్కటే వచ్చింది.

నిశ్చితార్థం ముందురోజు పొద్దున ఉతికిన గల్లాబియాతో వచ్చాడు. పని అప్పగించడానికి. అక్క, అమ్మ, నేను నిలబడ్డాం. గది మెత్తగా, నిశ్శబ్దంగా ఉంది. వెలుగు గోడ మీద పడి అక్కడే ఉండిపోతోంది. ఆయన గోడ ముందుకి నడిచి, జేబులోంచి దువ్వెన తీసి, మీసం దాకా ఎత్తాడు. చెయ్యి అక్కడ ఆగింది.

అమ్మ అద్దం తేబోయింది. వద్దన్నట్టు ఆయన దువ్వెన కదిపాడు, కానీ ఇటు తిరగలేదు.

నేను వెళ్లి ఆయనకీ గోడకీ మధ్య నిలబడ్డాను.

"ఎడమ కొస కిందికుంది ఉస్తా."

నా కళ్లలోకి చూస్తూ దువ్వుకున్నాడు. "ఇప్పుడు?"

అక్క వెనకనుంచి సరిపోయిందంది. ఆయన అక్క వైపు చూడలేదు.

"నిన్నే అడుగుతున్నా. వంకరగా ఉంటే గోడ మళ్లీ చెయ్యాలి, తెలుసుగా."

తెలుసు. అందుకే ఇంకోసారి చూశాను.

"ఇంకొక్క దువ్వు" అన్నాను.