మీ రాళ్లు తెండి

మా చుట్టుపక్కల ఇప్పటిదాకా జరిగిన రాళ్ల ప్రదర్శనలు ఏడు. ఏడింటికీ వెళ్లాను. ఎన్ని గంటలకు మొదలవుతుందన్నారు, ఎన్ని గంటలకు మొదలైంది, తేడా ఎంత అన్నది నా పుస్తకంలో రాసి ఉంది. అన్నిటికంటే తక్కువ తేడా గంటా పది నిమిషాలు. ఆ రోజు ముఖ్య అతిథి రాలేదు.

రాళ్ల మీద ఇష్టం నాకు ఉద్యోగంలో పట్టుకుంది. భూముల కొలతలు సరిచూడడం నా పని. టెక్కలి దగ్గర క్వారీల హద్దుల కోసం వెళ్లినప్పుడు పగిలిన నీలి గ్రానైటు ముక్క ఒకటి సంచిలో వేసుకొచ్చాను. తరువాత భావనపాడు ఒడ్డున ఎర్రటి గార్నెట్ ఇసుక, దాని కిందుండే నల్ల ఇసుక, మందస వైపు కొండల తెల్ల పలుగురాయి. ఇప్పటికి నలభై రెండు. ప్రతిదానికీ ఒక చీటీ: ఎక్కడ దొరికింది, ఏ రోజు, బరువెంత.

ఏడో ప్రదర్శన టెక్కలిలో ఒక కాలేజీ హాల్లో, రెండో శనివారం పెట్టారు. నిర్వాహకులు నగరం నుంచి వచ్చిన ఔత్సాహికుల సంఘం. గుమ్మంలో ఆరడుగుల ప్లాస్టిక్ డైనోసార్. నేను లెక్కపెట్టిన అరగంటలో దానితో ఫోటో దిగినవాళ్లు అరవై ఒక్కరు, బల్లల దాకా వచ్చినవాళ్లు తొమ్మిది మంది. బల్లల మీద శిలాజాలు ఉన్నాయి గాని అవన్నీ ఎక్కడెక్కడి నుంచో కొని తెచ్చినవి. మూలనున్న బల్ల ఒకటి నాకిచ్చారు, నా నలభై రెండూ చీటీలు అంటించిన సీసాల్లో సర్దాను. మా రాళ్లలో శిలాజాలు ఉండవు. భూమి లోపల ఉడికి, మాగి, పైకి తేలిన రాళ్లివి. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. రాస్తే డైనోసార్ చిన్నబుచ్చుకుంటుందేమో.

ఉపన్యాసంలో తెర మీద భూమి వయసుకు ఒక సున్న తగ్గింది. చేయెత్తి చెప్పాను.

"మేడమ్, అది అప్రాక్సిమేట్‌గా అండి," అన్నాడు ఉపన్యాసకుడు.

నాకు డెబ్బై నాలుగేళ్లు. ఆయన లెక్కన ఏడేళ్లు దాటి ఐదు నెలలు కూడా నిండలేదు. కూర్చున్నాను.

ఇక కరపత్రం సంగతి. సంఘం కార్యదర్శి దాన్ని అచ్చుకు ముందే నాకు ఫోనులో పంపి చూడమన్నాడు. మూడు తప్పులు దిద్దాను. 'శిలజాలు' అన్నచోట దీర్ఘం పెట్టాను. 'ఖనిజ్యాలు' అన్నచోట వత్తు తీసేశాను. తేదీకి పక్కన వేసిన వారం వేరే వారం, మార్చాను. చివరి వాక్యం ఒక్కటే బాగుందని మెచ్చుకున్నాను కూడా: 'మీ రాళ్లు తెండి. నిపుణులు ఉచితంగా పరీక్షించి చెబుతారు.' ఆ వాక్యాన్నే ఆటోకు మైకు కట్టి మూడు రోజులు ఉద్దానం ఊళ్లన్నీ తిప్పారు.

శనివారం పదకొండూ నలభైకి నా బల్ల దగ్గరికి భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. ఒడ్డు ఊరి వాళ్లు. అతని కాళ్లు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఆమె చేతిలో ప్లాస్టిక్ సంచి.

"ఇక్కడేనామ్మా, రాళ్లు సూత్తన్నారంట?"

"ఇక్కడే. ఏం రాయి తెచ్చారు?"

"తేడమేటమ్మా, నోపలే ఉన్నాయి కదా," అని మొగుడి నడుము మీద చెయ్యి వేసింది. "పొటో తెచ్చినాం." సంచిలోంచి స్కాన్ ఫిల్మ్ తీసింది.

కిడ్నీలు పాడైన మనిషి లేని వీధి దొరకని ఉద్దానంలో, 'మీ రాళ్లు తెండి, ఉచితంగా పరీక్షిస్తాం' అని మైకులో అరిస్తే జనం ఏమనుకుంటారో నాకు అప్పుడు తెలిసింది.

కార్యదర్శి వచ్చి సంగతి విని ముందు నవ్వాడు. "ఇది కిడ్నీ క్యాంపు కాదమ్మా, జియాలజీ ఈవెంట్!" అని పక్కవాణ్ణి పిలిచి మళ్లీ చెప్పి మళ్లీ నవ్వాడు. పక్కవాడు ఫోను తీశాడు. ఆ ఫోను నేను చేత్తో కిందికి నొక్కాను.

"నాను సెప్పినాను కదే," అన్నాడు మొగుడు. "ఇంటేగా! మైకులో సెప్తే దీనికి దేవుడు సెప్పినట్టే."

"నువ్వూరుకో మావా," అని ఆమె నా వైపు తిరిగింది. "పలాస ఆస్పత్రిలో రాళ్లు కావు, కిడ్నీలే పోయినాయి అన్నారమ్మా. పట్నం పెద్దోలు సూసి రాళ్లే అంటే తీసేత్తారు కదా. మా తోటికోడలి అన్నకి తీసేసినారు. ఇప్పుడు సంద్రం మీద ఏటకెల్తన్నాడు."

"ఈయనకి డయాలసిస్ చేస్తున్నారా?"

"వారానికి మూడు మాట్లు. ఈయేల ఒంటిగంటకి. ఇది సూపించుకొని ఎల్పోదారని వచ్చినాం. పోయిన నెల ఒక మాటు తప్పితే ఊపిరాడక రాతిరల్లా కూకునే ఉన్నాడు."

గడియారం చూశాను. పదకొండూ నలభై ఏడు. పలాస వెళ్లే బస్సు వెళ్లిపోయింది. తరువాతది పన్నెండుంబావుకి. అది పట్టుకుని, దిగి, ఆటో ఎక్కి చేరేసరికి ఒకటీ ఇరవై. కాని ముఖ్య అతిథి ఒకటిన్నర రైలుకు పలాసలో దిగుతాడు. ఆయన్ను తేవడానికి తెల్ల కారు గేటు దగ్గరే నిలబడి ఉంది.

"కారు ఇప్పుడే బయలుదేరనివ్వండి. వీళ్లను దించి స్టేషనుకు వెళ్తుంది," అన్నాను.

"ఇప్పుడే వెళ్తే కారు అక్కడ ముప్పావుగంట ఊరికే నిలబడాలండి," అన్నాడు కార్యదర్శి.

"నిలబడనివ్వండి. కారుకు కాళ్లు వాయవు."

"అది కాదు మేడమ్. చీఫ్ గెస్ట్ గారి కోసం సీట్లకు కొత్త కవర్లు వేయించాం. వీళ్లు... మీకు తెలుసు కదా."

"నాకు తెలియదు. చెప్పండి."

అతను మెడలో బ్యాడ్జీ సర్దుకున్నాడు. నేను నా సీసాలకు మూతలు బిగించడం మొదలుపెట్టాను.

"ఏం చేస్తున్నారు మేడమ్?"

"ఈ హాల్లో ఈ జిల్లా రాళ్లు నలభై రెండు. నలభై రెండూ నావే. ఇవి తీసుకుపోతే మీ ముఖ్య అతిథి డైనోసార్‌కు దండ వేసి వెళ్లవచ్చు."

పదకొండూ యాభై ఎనిమిదికి కారు కదిలింది. డ్రైవరు మాట మారుస్తాడని నేను కూడా ముందు సీట్లో ఎక్కాను.

హైవే ఎక్కాక మొగుడు వెనక నుంచి మాట్లాడాడు. "అమ్మా, నీ సీసాలో ఎర్ర ఇసక మా ఒడ్డుదేనేటి? భావనపాడని రాసున్నాది."

"అవును."

"వల లాగినప్పుడు కాళ్లకి తగుల్తాది. పెద్ద కెరటాలు ఎల్లిపోయినాక సూడాల. నల్లదాని మీద ఎర్రది సీర అంచునాగ పరుసుకుంటాది."

ఏడు ప్రదర్శనల్లో నా చీటీ చదివి ఇసుక గురించి మాట్లాడినవాడు ఇతనొక్కడే. నిపుణులు నాలుగుసార్లు సీసా ఎత్తి, నాలుగుసార్లు 'నైస్' అని పెట్టేశారు.

పన్నెండూ నలభై నాలుగుకి ఆస్పత్రి చేరాం. పేరు పిలిచే వేళకు అతను వరసలో ఉన్నాడు. లోపలికి తీసుకెళ్లారు. కారు స్టేషనుకు పోయింది. నేను పోలేదు.

బయట బెంచీ మీద ఆమె సంచి నా ఒళ్లో పెట్టింది. ఫిల్మ్ వెనక ఒక కాగితం ఉంది. రెండో పేజీ నాలుగో పంక్తిలో రాళ్లు లేవని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. కాగితం ఎనిమిది నెలల కిందటిది. అంతమంది చదువుకున్నవాళ్లున్న హాల్లో దాన్ని తెరిచి చూసినవాడు లేడు. నేనూ చూడలేదు.

"రాళ్లు కావంతావా?" అంది.

"కావు. పలాసలో చెప్పిందే నిజం."

కాసేపు చీర కొంగు మడతలు పెట్టింది, విప్పింది. "ఆ మైకు మాట ఎవులు రాసినారో గాని, ఆల నోట్లో మన్నెయ్య."

"రాసింది వాళ్లు. అచ్చుకు ముందు దిద్దింది నేను."

నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "సదూకున్నావు కదమ్మా," అంది. అంతే.

దిద్దిన మూడు తప్పులకూ నా దగ్గర లెక్క ఉంది. ఉద్దానం అంచున పుట్టి, డెబ్బై నాలుగేళ్లు ఇక్కడే ఉండి, ఆ నాలుగోదాన్ని మెచ్చుకున్నదాన్ని నేను. ఆ మాట ఒప్పుకోవడం కంటే కార్యదర్శిని తిట్టుకుంటూ కూర్చోవడం సులువు. ఆ బెంచీ మీద చాలాసేపు అదే చేశాను. అతను కనీసం నగరంవాడు, ఇక్కడి సంగతి తెలియనివాడు.

ఐదూ పదికి అతను బయటికి వచ్చాడు. కాళ్ల వాపు కొంచెం దిగింది. నన్ను చూసి ఆగిపోయాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేటమ్మా! అక్కడ నీ రాళ్లెవులు సూత్తన్నారు?"

"ఎవరూ చూడరు."

"మరింకేటి, దొంగల బయం నేదు," అన్నాడు.