పండ్లపొడి పాట

"దంచవే చిన్నక్క దంచవే, దూరపు పిట్టలు వచ్చెనే..." ఆ పిట్టలు వచ్చి ఏం చేసినయో మాత్రం యాదికి రాదు. ఆడికి రాంగనే నాకు మిరియాలు అడ్డమొస్తయి! ఎందుకో చెప్త, నవ్వకుండ్రి.

పోలీస్ యాక్షన్ అయినంక రెజిమెంటల్ బజార్ల మా పండ్లపొడి దుకాణం మళ్ళ తెరిచినం. లాలాగూడ రైలు వర్క్‌షాపోళ్ళు మా పొడితోనే పండ్లు తోముకునేది. దాని మీదనే మా ఇంట్ల పొయ్యి రాజేది. అందుకే బొగ్గు దంచుడు కోడండ్ల పని, మిగతా సామాను నూరి కలుపుడు అత్తమ్మ పని. అది సుత తలుపేసుకొని! లోపలికి పెద్దకోడలు సుశీలక్కకే పిలుపు. నేనేమో బయట, రోలు కాడ.

"అక్కా, లోపల ఏమేమి ఏస్తరే?"

"చిన్నపిల్లవు, నీకెందుకే!"

నాకన్న రెండేండ్లే పెద్ద! నా కడుపు మండిపోయింది.

ఒకనాడు తలుపు సందుల కన్ను పెట్టిన. అంత చూసిన! కరక్కాయ, పటిక, లవంగాలు, నాలుగు పిడికిళ్ళ మిరియాలు. రాసుకుందామంటే అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. మర్చిపోతనని ఆ పిట్టల పాటల ఇరికిచ్చి, దంచుకుంట పాడిన. సుశీలక్క ఇని కుళ్ళుకోవాలెనని ఇంకింత గట్టిగ!

ఇన్నది సుశీలక్క కాదు, గోడ అవతలి సత్తయ్య. ఆయనది సుత పండ్లపొడి దుకాణమే. వారం తిరగకముందే "అచ్చం వాళ్ళ పొడే" అని అమ్ముడు షురూ చేసిండు. మా గిరాకీ అంత అటే పోయింది. పాట బంద్ చేసి ఏడ్చుకుంట దంచిన.

మూడోనాడు వర్క్‌షాపోళ్ళు మూతులు వాచి సత్తయ్య మీదికొచ్చిండ్రు. "ఏందయ్యా, ఇది పండ్లపొడా, కూరల మసాలానా?"

మళ్ళ మా కాడికే వచ్చిండ్రు. అత్తమ్మ నా దిక్కు చూసి, "బండ మీద నీ మెట్టెల చప్పుడు నాకు ఇనపడదా? నిన్ను చూసే మిరియాలు ఏసిన. నువ్వు పోయినంక ఏరి పారేసిన" అన్నది. సుశీలక్క నవ్వి నవ్వి కూలబడ్డది.

ఏండ్లు గడిచినయి. కొడుకుతో పాటు నేను సుత అక్షరాలు దిద్దిన. అత్తమ్మ మంచాన పడి, ఆఖరికి సుశీలక్క చెవిల పొడి అసలు కొలత చెప్పింది. నేను సుత ఉరికి నా చెవి పెట్టిన.

"నాకు చెప్పవా అత్తమ్మా? ఇప్పుడు రాసుడొచ్చింది, ఇగ పాడ."

నా చెయ్యి పట్టుకొని మెల్లగ అన్నది: "అదే నా భయం బిడ్డా. అప్పుడు పాడితివి, ఇప్పుడు రాసి బజార్ల అంటిస్తవ్."