తల్లికి అందని కబురు

ఆదోనిలో కర్నూలు బస్సెక్కాను. ఎమ్మిగనూరు పత్తిమిల్లులో మేం పెట్టిన కంప్యూటర్ పొద్దున్నే మొరాయించింది. బస్సు నిండా మూటలతో ఆడవాళ్లు, గుంటూరు వైపు సుగ్గికి పోతున్నారు. మిరపకాయల కోతకు ఇళ్లు వదిలి పోవడాన్ని మా వైపు అట్లా అంటారు.

దారిలో హైదరాబాద్ నుంచి నాతో పనిచేసే అతను ఫోన్ చేశాడు. కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం ఇంకోదాన్ని పుట్టిస్తే మొదటిదాన్ని తల్లి అనీ, రెండోదాన్ని పిల్ల అనీ అంటాం. పిల్ల పని ముగియగానే తల్లికి సిగ్నల్ పోతుంది. ఆ సిగ్నళ్ల జాడ తీయమని అతనికి చెబుతున్నాను. నాకు ఫోన్లో మెల్లగా మాట్లాడటం చేతకాదు. పైగా చిరాకులో ఉన్నాను.

"పిల్ల ఎప్పుడో చచ్చిపోయింది. కబురు పోతున్నా తల్లే అందుకోవడం లేదు. అందుకే అట్లే పడి ఉంది. ఆ తల్లి ఏం చేస్తోందో చూడు ముందు!" అని అరిచి పెట్టేశాను.

పక్కసీటామె నా మోచెయ్యి పట్టుకుంది.

"యా ఊర్లోనప్పా? ఆ తల్లి సుగ్గికి పోయిండాదా? యా మేస్త్రీ కింద ఉందో సెప్పు. మేమూ ఆడికే పోతాండాము, కబురు సెప్తాము."

వెనక సీట్లవాళ్లు ముందుకు వంగి వింటున్నారు. ఇది కంప్యూటర్ గోల అంటే బస్సంతా నవ్వుతుందని నా భయం. "ఇప్పుడే అందిందంటమ్మా. బయల్దేరిందంట" అన్నాను. అబద్ధం అంత సులువుగా ఎట్లా వచ్చిందో, ఛీ.

"బిడ్డ మొగమైనా సూసుకుంటాది" అని ఆమె కళ్లు తుడుచుకుంది. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. "అమ్మా, పాపకియ్యి ఫోను. ఏం లేదు, ఊరికేనే." పాప ఆడుకోను పోయిందట. మళ్లీ మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

ఎమ్మిగనూరులో దిగాను. నా వెనకే ఆమె మూటతో దిగింది. వాళ్లను పనికి తీసుకుపోతున్న మేస్త్రీ బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇప్పుడు దిగితే మళ్లా పిలిసేది లేదు సూడు" అన్నాడు.

"వద్దులేన్నా. నా బిడ్డ కాడికి పోతా."

నిజం చెప్పడానికి అదే సమయం. నేను సంచీ భుజాన సర్దుకున్నాను. బస్సు వెళ్లిపోయాక సిగ్గుతో చచ్చిపోతూ, "అమ్మా, ఇందాక నేను చెప్పింది..." అని మొదలుపెట్టాను.

"నువ్వు సెప్పింది మంచిదాయెనప్పా" అంది. "ఆదోని బస్సు యాడ నిలబడతాది?"

చెయ్యెత్తి ప్లాట్‌ఫారం చూపించాను.